కూల్చబోయే గోడకు నీళ్ళు

పక్కింటివాళ్ళు నిన్న స్లాబు వేశారు. ఈ పొద్దున పైపుతో దాని మీద నీళ్ళు వదిలితే వేడి సిమెంటు వాసన మా వరండాలోకి వచ్చింది. తొలకరి మట్టి వాసనను ఎవరెంతైనా పొగడనీ, నన్ను కూలదోసేది మాత్రం ఈ తడి సిమెంటు వాసనే. అది తగిలితే ఎల్లన్న గుర్తొస్తాడు. మీరెవరూ ఆయన్ని చూసి ఉండరు. కతార్‌లో మా మేస్త్రీ, జగిత్యాల దిక్కు మనిషి. పొట్టివాడు, ప్రతి మాటకూ ముందు ఓ దగ్గు. దేవుడి విషయంలో నాకు ఇంతో అంతో బుద్ధి ఉందంటే అది ఆయన పెట్టిందే.

చమురు డబ్బు పొంగి పొర్లుతున్న రోజులవి. ఎక్కడ చూసినా గోడలు లేస్తుండేవి. మా క్యాంప్ ఇండస్ట్రియల్ ఏరియాలో. కంపెనీ బస్సు తెల్లారేసరికి మమ్మల్ని ఉమ్ సలాల్‌లో దించేది. అక్కడొక విల్లాకు ప్రహరీ కట్టాం. ఎండలో మాడి మసైపోయి, గోడ మొత్తం లేపి, ప్లాస్టరింగ్ కూడా ముగించాక సూపర్‌వైజర్ వచ్చాడు. నక్షా మారిందట, గోడ ఉన్నచోట దారి వస్తుందట, వచ్చే వారం కూల్చేస్తారట. "ఖలాస్" అని చేతులు దులుపుకొని వెళ్ళిపోయాడు. నేను నీళ్ళ పైపు విసిరికొట్టి నీడన కూలబడ్డాను. ఎల్లన్న దగ్గుతూ వచ్చి పైపు అందుకుని, గోడ మీది గోనెపట్టాలు తడపడం మొదలుపెట్టాడు.

"పిచ్చి లేసిందా అన్నా? కూలగొడుతరట గద!"

"కూలగొడుతరని గోడకు ఎరుకనా తమ్మీ? నీళ్ళు తాపకుంటె పగుల్తది."

ఆయన కూల్చే రోజు దాకా దానికి నీళ్ళు పట్టాడు. గోడ ఎంత గట్టిపడిందంటే, సుత్తెలు పట్టుకొచ్చిన వాళ్ళు మా ఏడుతరాలనూ తిట్టుకుంటూ కూల్చారు. ఎల్లన్న నవ్వుతూ చూశాడు. నాకైతే ఒళ్ళు మండిపోయింది.

ఆ మర్నాడే మా ఊరి పక్క మనిషొకడు సెలవు నుంచి వచ్చి, నా చేతిలో క్యాసెట్ పెట్టాడు. అప్పట్లో మా మంచీచెడూ అన్నీ క్యాసెట్లలోనే. సలీం భాయ్ టేప్‌రికార్డర్‌లో పెట్టి విన్నాను. ఆయన మా బస్సు డ్రైవర్, కోరుట్ల వాడు, తెలుగు మాకంటే తియ్యగా మాట్లాడేవాడు. క్యాసెట్‌లో నా భార్య లచ్చవ్వ గొంతు. మా ఊరివాళ్ళకు గల్ఫ్ అంతా దుబాయే.

"పిల్ల పోయింది. జెరమొచ్చి పోయింది. రాజన్నకు కోడె మొక్కు ఎగ్గొట్టినందుకే గిట్లయిందని మీ అమ్మ అంటున్నది. ఊరంత అదే అంటున్నది. దుబాయ్‌ల నువ్వెట్లున్నవో ఏమో. నా తప్పేనా? ఒక్క మాట చెప్పు."

మా రాజమణి మొక్కుకుంటే పుట్టిన పిల్ల. వేములవాడ రాజన్న దేవుడికి కోడెను పట్టుకుని గుడి చుట్టూ తిప్పి కట్టేస్తామని మొక్కాం. ఇంతలో నాకు వీసా వచ్చింది. తిరిగొచ్చాక ఇద్దరం కలిసి తీర్చుకుందామనుకున్నాం. పిల్ల నవ్వు నాకు సరిగా గుర్తు కూడా లేదు.

సలీం భాయ్ నా భుజం మీద చెయ్యేశాడు. "సబర్ చెయ్ తమ్మీ, ఓర్సుకో. ఇచ్చినోడే తీస్కున్నడు. ఎందుకన్నది మనకు ఎరుకైతదా? పసిపిల్లలు సక్కగ జన్నత్‌కే పోతరు," అన్నాడు. ప్రేమతోనే అన్నాడు, తిట్టుకోలేను. కానీ తీసుకున్నవాడికి ఒక కారణం ఉందంటే, ఆ కారణం లచ్చవ్వ నెత్తినే పడుతుంది కదా! మంచం పక్కన అంటించుకున్న రాజన్న పటాన్ని చింపి పారేశాను. తిండి మానేశాను. డ్యూటీకి పోయినా చేతులు ఆడలేదు.

ఓ మధ్యాహ్నం ఎల్లన్న టిఫిన్ డబ్బా విప్పి నా ముందుకు తోశాడు.

"దేవుడు లేడు, గీడు లేడు. అంత అబద్ధం," అన్నాను.

"లేడంటె లేడు. మరి కోపం ఎవని మీద?"

ఆయన దగ్గి, అన్నం కలుపుతూ చెప్పాడు. "మా పోరడు బాయిల పడి సచ్చినప్పుడు నేను గూడ లేడన్న. ఏండ్లకేండ్లు తిట్టిన. తిట్టుడు గూడ మొక్కుడే తమ్మీ, అవుతల ఎవడో ఇంటున్నడనే గద తిడుతం."

"మరి ఉన్నడా అన్నా?"

"నాకేమెరుక? ఉన్నడంటె సలీం భాయ్ పానం సల్లవడ్డది. లేడంటె నీ పానం సల్లవడలే. నేను రోజు అడుగుత, ఎందుకు తీస్కపోయినవ్ రా అని. జవాబు రాదని ఎరుకే. అడుగుడు ఇడువలే, ఎదురుసూసుడు ఇడిచిన."

"గట్లెట్ల బతుకుతవే?"

"గిట్లనే. పప్పుల ఉప్పెక్కువైంది, తిను." నేను ముద్ద నోట్లో పెట్టుకునే దాకా ఆగి, మళ్ళీ అన్నాడు. "ముందుగాల నీ పెండ్లానికి జవాబియ్యి. దేవుడు ఇయ్యకున్నా నడుస్తది. నువ్వియ్యకుంటె నడువది."

ఆ శుక్రవారం ముగ్గురం టేప్‌రికార్డర్ ముందు కూర్చున్నాం. నేను బటన్ నొక్కి మాట్లాడాను. "లచ్చవ్వా, తప్పు నీది గాదు. మొక్కు కోసం పిల్లను సంపే దేవుడే ఉంటే ఆయనతోని నేను కొట్లాడుత. లేకుంటె కొట్లాటే లేదు. ఎట్ల సూసినా తప్పు నీది గాదు. ఎవరన్నా అంటె ఈ క్యాసెట్ ఇనిపియ్యి." సలీం భాయ్ "తౌబా తౌబా" అని చెవులు పట్టుకున్నాడు. అయినా ఊరికి పోయేవాడిని వెతికి, ఆ క్యాసెట్‌ను వాడి చేతికిచ్చింది ఆయనే.

నాకంటే ముందే ఎల్లన్న వీసా అయిపోయి ఇంటికి పోయాడు. మళ్ళీ కలవలేదు. చనిపోయాడని తర్వాతెప్పుడో విన్నాను. ఏడుపు కూడా రాలేదు, అలసిపోయి ఉన్నాను.

నేను ఇల్లు చేరాక లచ్చవ్వ వేములవాడ పోదామంది. బస్సెక్కి పోయి, కోడెను పట్టుకుని వరుసలో నిలబడ్డాం. మా ముందున్న ముసలమ్మ ఆమెను పలకరించింది.

"ఏం మొక్కు తీరిందవ్వా?"

"ఏం తీరలే. పిల్ల పోయింది."

"అయ్యో! మరి కోడెనెందుకు కడుతున్నవ్?"

"మాటిచ్చిన గద. ఆయన సంగతి ఆయనకెరుక."

కూల్చబోయే గోడకు ఎల్లన్న నీళ్ళు పట్టడం ఆమె ఎన్నడూ చూడలేదు. నేను తాడు పట్టుకుని ఆమె వెనకాలే నడిచాను. దేవుడున్నాడో లేడో నాకు ఈనాటికీ తెలియదు. లచ్చవ్వ ఏదైనా అడిగితే మాత్రం, చేతిలో ఏ పనున్నా ఆపి, జవాబు చెబుతాను.