బేబీరాణి మేసిన నేల

సిప్పీఘాట్‌లో ఎరుకమ్మ ఆవు బేబీరాణి అరిచిందంటే అవతలెక్కడో ఉన్న డాలీగంజ్‌లో పడుకున్నవాళ్లు లేచి కూర్చుంటారు. ఒక్క ముక్క కూడా పెంచి చెప్పడం లేదు. ఎరుకమ్మ శ్రీకాకుళం వైపు నుంచి మొగుడి వెంట ఓడెక్కి ఈ దీవులకి వచ్చింది. చేపల వేటకెళ్లే మొగుడు పోయాక ఆ ఆవు పాలే ఆమెకి బతుకు.

సునామీకి ఉప్పునీళ్లెక్కిన పొలాల పక్కన ఖాళీ నేల ఉంది. వీధిలో ఆవులన్నీ అక్కడే మేసేవి. అది ఎవరిదని ఎవరూ అడగలేదు. పోయిన ఎండాకాలం అక్కడ స్తంభాలు దిగాయి. ఆవులు రోడ్డెక్కకుండా సర్కారే కంచె వేయిస్తోందనుకుంది ఎరుకమ్మ. సంబరపడిపోయి పనివాళ్లకి రోజూ టీ కాచి పోసింది. గ్లాసు తలకిందులు చేసినా కారనంత చిక్కటి టీ.

తీగ నేల చుట్టూ తిరిగొచ్చి కలిశాక ఒక పనివాణ్ని అడిగింది. “భయ్యా, ఆవులకి గేటెక్కడ ఎడతన్నారు?”

“ఆవులకి గేటేంటి దీదీ? ఇది హోటల్ జమీన్. నీ చాయ్ మాత్రం ఏ-వన్!”

మర్నాడు పాలు కొలిచి పోసి, పైన కొసరు పోస్తూ లోకనాథం మాస్టారికి ఆ మాట చెప్పింది. ఆయన బళ్లో చరిత్ర చెబుతారు. ఒకటడిగితే మూడు శతాబ్దాలు వినిపిస్తారు.

“ఇంగ్లాండులోనూ ఇంతేనమ్మా. ఒకప్పుడు ఊరి బీడులో అందరి పశువులూ మేసేవి. తర్వాత పెద్దవాళ్లు చట్టాలు తెచ్చి కంచెలు వేసుకున్నారు. పేదోళ్లు కొందరు కూలికి, కొందరు పట్నాల్లో మిల్లులకి పోయారు. ఆనక మిషన్లొచ్చాయి. ఇప్పుడు ఊరంత పొలాన్ని ఒక్కడే ట్రాక్టరెక్కి దున్నేస్తాడు.”

“మరా పేదోళ్ల ఆవులేటైపోనాయి మాస్టారూ?”

మాస్టారు పాలగిన్నె అరుగు మీద పెట్టారు. “అమ్మేసుకునుంటారు.”

“ఊఁ,” అని క్యాన్ మూత పెట్టుకుని వెళ్లిపోయింది.

తాడు విప్పగానే బేబీరాణి కంచె దగ్గరికే నడిచేది. తీగల్లోంచి మూతి దూర్చి అందిన గడ్డి లాగేది. అందేదంతా అయిపోయింది. దాణా కొని మేపడం ఎరుకమ్మ వల్ల కాలేదు. దూరాన రంగత్ ఊరి నుంచి ఎవరో వచ్చి ఆవుని కొని లారీ ఎక్కించుకుపోయారు. ఆమె ఏడుపుకి సముద్రం పొంగిందని చెప్పాలని నాకెంతో ఉంది. ఆమె ఏడవలేదు. తాడు కడిగి ఆరేసింది.

మర్నాడు పొద్దున్నే క్యాన్ పట్టుకుని మాస్టారి గుమ్మం ముందు నిలబడింది.

“ఆవు లేదు కదమ్మా, ఈ పాలెక్కడివి?”

“కొట్లో పేకెట్లు కొని పోసుకొచ్చినాను. ఈ ఏలప్పుడు ఇంట్లో ఉండి ఏటి సెయ్యాలో తెలీనేదు.”

మాస్టారు గిన్నె తెచ్చారు. ఆమె కొలిచి పోసింది. పైన కొసరు కూడా పోసింది.