ఎకో లేని పెట్టె

ఒకరోజు గిటార్ మీద కావాలనే తప్పు వాయించాను. కమ్మీని పెట్టాల్సిన చోట పెట్టకుండా అర వేలెడు ఇవతలకు జరిపి తీగ మీటాను. నాకే పళ్లు జివ్వుమన్నాయి. ఎదురుగా మంచం మీద కూర్చున్న మా గురువు తల ఊపి, "బాగుండాది పాపా" అన్నాడు.

కమ్మీ తీసి పక్కన పెట్టాను.

ఆయన రైల్వేలో పనిచేసి రిటైరైనవాడు. ఎనభై దాటాయి. డోన్‌లో మా చర్చిలో ముప్పై ఏళ్లకు పైగా స్టీల్ గిటార్ వాయించాడు. నేను ఆయన్ను చిన్నాయనా అంటాను, చుట్టరికం ఏమీ లేదు. ఆయన నన్ను పాపా అంటాడు, నాకేమో మనవరాళ్లున్నారు. స్టీల్ గిటార్‌ను ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టుకుంటారు. ఎడమచేత్తో నున్నటి ఇనుప కమ్మీని తీగల మీద జరుపుతూ కుడిచేత్తో మీటుతారు. కమ్మీ వెంట్రుకవాసి పక్కకు పోయినా స్వరం చెడిపోతుంది. అట్లా ఎవరిదైనా స్వరం చెడితే ఆయన మొహం చూడాలి. వేపకాయ కొరికినట్టు, చెప్పుకింద పేడ తగిలినట్టు, మూతీ ముక్కూ ఒకచోటికి వచ్చేవి. చర్చిలో పాట ఎత్తుకునేవాళ్లు పాస్టరు అయ్యగారి కంటే ఆ మొహానికే ఎక్కువ భయపడేవాళ్లు. నేను ఆడవాళ్ల వరుసలో కూర్చుని పాట కంటే ఆ మొహాన్నే చూసేదాన్ని. పాట యాడ తప్పిందో నాకు ఆ మొహమే నేర్పింది.

ఇప్పుడు ఆ మొహం నా తప్పుకు నవ్వుతూ తల ఊపుతోంది. అంటే ఆయనకు వినపడడం లేదు. ఎన్నాళ్లుగా వినపడడం లేదో, ఎన్ని వారాలుగా నేను తప్పులు వాయిస్తూ మెప్పులు మూటగట్టుకుని ఇంటికి పోతున్నానో ఆలోచిస్తే నా మీద నాకే రోత పుట్టింది.

నా సంగతి కొంచెం చెప్పాలి. బేతంచెర్ల దగ్గర నాపరాళ్లు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో చాలా ఏళ్లు పనిచేశాను. మోకాళ్లు పోయాక మానేశాను. ఆ తర్వాతే, మా చర్చి సంఘంలో ఆడవాళ్లకు మధ్యాహ్నం పూట అక్షరాలు నేర్పే ఒక టీచరమ్మ దగ్గర పలక పట్టాను. వేలిముద్ర మానేసి సంతకం పెట్టిన ఏడాదే, ఆ ధైర్యంతో పోయి గిటార్ నేర్పమని చిన్నాయనను అడిగాను. అప్పటికే ఆయన చర్చిలో వాయించడం మానేసి ఉన్నాడు. చర్చివాళ్లే మాన్పించారు. కొత్త కీబోర్డు తెచ్చారు. "దాంట్లో ఈ సౌండు గూడా ఉండాదంట పాపా. ఒక బటన్ నొక్కితే నేనొస్తానంట" అన్నాడు. వయసుకు ఆయన చేతులు కూడా వణుకుతున్నాయి, ఇంట్లో కూడా ఇక వాయించలేడు. గిటార్ తీసి నా ఒళ్లో పెట్టాడు.

ఆ గిటార్‌కు బొజ్జ లేదు. పీట చెక్క మాదిరి ఉంటుంది. కరెంటు పెట్టెకు తగిలిస్తేనే పలుకుతుంది. తగిలించకుంటే దోమ పాడినట్టు వాయించేవాళ్లకు మాత్రమే వినపడుతుంది. ఆయన పాత పెట్టె, లోపల ఎలుకలు వైర్లు కొరికితే, ఏనాడో పాడైపోయింది. మొదట్లో ఆయన మెడ వంచి, గిటార్ దాకా చెవి తెచ్చి వినేవాడు. ఇప్పుడు ఒక చెవి పూర్తిగా పోయింది, రెండోది పోతోంది. ఆ చెవి గూడా ఎక్కువకాలం ఉండదని డాక్టరు చెప్పాడు. అది ఉన్నంతలోనే నేను నేర్చుకోవాలి. ఆయన మొహం చెడగొట్టుకోగలిగినంతలోనే.

అందుకని ఒక చిన్న యాంప్లిఫయర్ కొనాలనుకున్నాను. చెవిటివాళ్లు మాట్లాడినట్టు గట్టిగా అరుస్తూ చిన్నాయన నాకు పెట్టె ఎట్లా చూసుకోవాలో చెప్పాడు.

"పెద్దది వద్దు. గట్టిగా పెడితే నాకు ఇనపడేది అరుపే, సోరం గాదు. నాకు తేటగా కావాల. నేను చెవి ఆనిచ్చుకుంటా."

"ఎంత చిన్నది?"

"లోపల స్పీకరు జానెడు ఉండాల. అంతకు చిన్నదైతే లావు తీగ మీటితే డబ్బా కొట్టినట్టుంటాది. సౌండు బాగా తగ్గించి వాయించు. తగ్గించినా తీగ పలకాల, బుస్సుమని గాలి రాగూడదు. ఇంకోటి. ఎకో. ఎకో గుండీ ఉంటే మొత్తం తిప్పేయి. మొత్తం పోవాల. పోకపోతే అది దొంగ పెట్టె."

గుండీల మీద ఇంగ్లీషు ఉంటుంది, నాకు తెలుగే అంతంతమాత్రం. ఒక కాగితం మీద అట్లాంటి ఇంగ్లీషు మాటలు నాలుగు వణికే చేత్తో బొమ్మలేసినట్టు వేసి, పక్కన తెలుగులో రాసిచ్చాడు. గిటార్‌ను దుప్పట్లో చుట్టుకుని కర్నూలు బస్సెక్కాను.

మైకుల అంగడి ముందరే మనిషెత్తు పెట్టెలు, ఎర్రవి నీలివి లైట్లు ఆరుతూ వెలుగుతూ. అంగడాయన నన్ను, దుప్పటిని చూశాడు.

"చర్చికా అమ్మా?"

"ఇంట్లోకి."

"ఇంట్లోకా! అయితే ఇది తీస్కో. బ్లూటూత్ ఉండాది, మైకుండాది, మీ మనవడి పుట్టినరోజుకు లైట్లు గూడా ఎలుగుతాయి."

"నాకు లైట్లు వద్దప్పా. గిటార్ తగిలించుకుని నేర్చుకునేదానికి కావాల."

"ఎవురు నేర్చుకునేది?"

"నేనే."

ఆయన నవ్వలేదు గానీ, నవ్వకుండా ఉండేదానికి పడిన పాట్లు నాకు కనపడ్డాయి. ఒక పెట్టె తీసి గిటార్ తగిలించాడు. నేను ఒక తీగ మీటాను. బావిలో బిందె పడినట్టు ఒకటే మోత, పోయిన మోత మళ్లీ వచ్చింది, వచ్చిన మోత మళ్లీ పోయి ఇంకోసారి వచ్చింది. అంగడాయన కళ్లు మూసుకుని, "ఆహా, సూడు ఎట్లుండాదో! నువ్వేం వాయించినా కచేరీనే" అన్నాడు.

నువ్వేం వాయించినా కచేరీనే. అదే నాకు అసహ్యం. చెడిపోయిన మాంసానికి మసాలా దట్టించి అమ్మే హోటళ్లను చూశాను. పగిలిన బండకు రంగు పూసి, పాలిష్ పట్టి, లారీకెత్తించే మేస్త్రీని చూశాను. ఆ రంగు పూసిన చేతుల్లో నావీ ఉన్నాయి. మా వీధిలో ఏ సందులోకి పోయినా ఇదే మోత. భక్తి గానీ, పెళ్లి గానీ, ఓట్లు గానీ, ఒకడు హలో అంటే నలుగురు హలో అంటారు. ఏం చెప్పాడో మాత్రం ఎవరికీ తెలియదు.

"ఎకో తీసెయ్యప్పా."

"ఎకో ల్యాకుంటే ఏముంటాదమ్మా? ఉప్పు ల్యాని పప్పు మాదిరి చప్పగుంటాది."

"నాకు చప్పదే కావాల."

కాగితం తీసి, ఒక్కో గుండీ కింద అక్షరాలను కాగితం మీది బొమ్మలతో పోల్చి చూసుకుంటూ, ఎకో గుండీని మొత్తం వెనక్కి తిప్పాను. మోత తగ్గింది, పోలేదు. దొంగ పెట్టె. రెండోది కూడా దొంగే. మూడోది ఎకో పోయింది గానీ సౌండు తగ్గిస్తే తీగ చచ్చిపోయి గాలి మిగిలింది. అంగడాయనకు ఓపిక తగ్గుతోంది. "ఈయమ్మకు ఏదీ నచ్చదు, సంబంధాలకు వచ్చిన అత్త మాదిరి" అని లోపల ఎవరితోనో అంటున్నాడు.

"అవునప్పా, అత్తనే. ఆ మూలలో దుమ్ము పట్టిందేంది?"

"అదా? దాంట్లో ఏమీ ల్యా. లైట్లు ల్యా, బ్లూటూత్ ల్యా. ఎవురో చెప్పి తెప్పించి, మళ్లీ రాల్యా."

తీసి తుడిచాడు. నల్లటి పెట్టె, చిన్న సజ్జల మూట అంత కూడా లేదు. స్పీకరు మీద జాన పెట్టి చూశాను, సరిపోయింది. గుండీలు మూడే. ఎకో అనే బొమ్మ ఎక్కడా లేదు. సౌండు బాగా తగ్గించి, సన్న తీగ మీటాను. తీగ ఎంత పలికిందో అంతే వినపడింది, తీగ ఆగితే ఆగింది. అంగడాయన మొహం చిట్లించి, "నీ ఇష్టం తల్లీ. రేపొచ్చి చప్పగుండాదని అనగూడదు" అన్నాడు. బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని, దుప్పట్లో గిటార్‌ను కాళ్ల సందున నిలబెట్టుకుని వచ్చాను.

ఆ తర్వాత నేను చేసిన తెలివితక్కువ పని చెబుతాను.

మా ఇళ్లల్లో కొత్త వస్తువు తెస్తే ముందు ప్రార్థన చేయించి గానీ వాడరు. సైకిలైనా, మిక్సీ అయినా అంతే. ఆదివారం పెట్టెను చర్చికి ఎత్తుకుపోయి అయ్యగారి ముందున్న బల్ల దగ్గర పెట్టాను. అయ్యగారు దాని మీద చెయ్యి పెట్టి, ఎకో మైకులో, "ప్రభువా, ఈ సహోదరి నీ మందిరానికి తెచ్చిన ఈ కానుకను" అని ఎత్తుకున్నాడు. కళ్లు మూసుకుని ఉన్నాను. మోతలో సగం మాటలు తెలియలేదు. చివర్లో అందరితో పాటు నేనూ గట్టిగా ఆమెన్ అన్నాను.

ఆరాధన అయ్యాక పెట్టె కోసం పోతే సంఘ పెద్ద అడ్డం నిలబడ్డాడు.

"యాడికక్కా తీస్కపోతాండావు?"

"ఇంటికి. నేర్చుకునేదానికి తెచ్చుకున్నా."

"కానుకని అయ్యగారు ప్రార్థన చేసినారు గదా. నువ్వు గూడా ఆమెన్ అంటివి. నేనే ఇన్నా."

చుట్టూ జనం. ఆమెన్ అన్నది నిజమే. పెట్టెను అక్కడే వదిలి ఇంటికి వచ్చేశాను. వారం రోజులు చర్చి వైపు పోలేదు. చిన్నాయన దగ్గరికి మాత్రం పోయాను. ఏం వాయించినా "బాగుండాది" అన్నాడు. ఒకటికి రెండుసార్లు అడిగితే గానీ నా మాట కూడా అందడం లేదు. ఒక వారం అంటే ఆ చెవిలో ఎంత పోతుందో నాకు లెక్క తెలియదు.

మళ్లీ ఆదివారం చర్చికి పోయాను. నా పెట్టెను వాకిట్లో, వీధి వైపు తిప్పి పెట్టారు. దానికి మైకు తగిలించి సౌండు మొత్తం పెంచారు. జానెడు స్పీకరు ఎంత మోయగలదు? గొంతు పట్టేసిన కోడి మాదిరి గరగరలాడుతోంది. పైన తెల్ల రంగుతో, ఫ్యాన్ల మీద ట్యూబులైట్ల మీద రాసినట్టు రాశారు. దగ్గరికి పోయి ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాను. నా పేరు. దాని కింద, గారి కానుక. నా పేరు నేను తప్ప ఇంకొకరు రాస్తే చూడడం అదే మొదటిసారి. దాంట్లో కూడా ఒక దీర్ఘం ఎగరగొట్టారు.

వైరు పీకేశాను. మోత ఆగింది. లోపలి నుంచి సంఘ పెద్ద పరుగెత్తుకొచ్చాడు.

"దేవునికిచ్చింది వెనక్కి తీస్కుంటారా అక్కా? పాపం గాదా?"

"దీని మింద ఏం రాసినారు?"

"నీ పేరే, సూడు."

"సూసినా. సదివినా. నా పేరుంటే నాదే గదా."

"కింద కానుక అని ఉండాది."

"అది రాసింది మీరు. ఈ చర్చిలో రూపాయి కానుకిచ్చినా పుస్తకంలో సంతకం పెట్టిచ్చుకుంటారు గదా? ఈ కానుక కాడ నా సంతకం యాడుండాది, సూపీయి."

అయ్యగారు తలుపు దగ్గరికి వచ్చి విన్నాడు. సంఘ పెద్ద ఆయన వైపు చూశాడు. అయ్యగారు చెప్పుల వైపు చూసి, "పోనీలే, అక్క ఇంట్లో గూడా దేవుని పాటే గదా వాయించేది" అన్నాడు. అది కూడా ఉపకారం చేసినట్టే అన్నాడు. ఆడవాళ్ల వరుసలో ఒకామె, "ముసిల్దానికి గిటారంట" అంది. పెట్టెను చంకన పెట్టుకుని నేరుగా చిన్నాయన ఇంటికి నడిచాను.

ఆయన మంచం పక్కన పెట్టె పెట్టి, గిటార్ తగిలించి, సౌండు కొంచెమే పెట్టాను. ఆయన ఒక పక్కకు వంగి, మిగిలిన చెవిని పెట్టెకు ఆనిచ్చాడు. కానుక అన్న మాట ఆయన చెంప కింద పడింది. నేను నాకు బాగా వచ్చనుకున్న పాత కీర్తన ఎత్తుకున్నాను.

రెండో చరణం దాకా పోలేకపోయాను. ఇన్నేళ్లుగా ఆ దోమ గొంతు వెనక నేను వాయిస్తున్నది ఇదా! ప్రతి స్వరానికీ కమ్మీ ఆలస్యంగా చేరుతోంది, చేరినా కిందనే ఆగిపోతోంది, వణికించకూడని చోట వణుకుతోంది. మొదటిసారి పలక మీద నా పేరు రాసుకుని, దూరంగా పెట్టి చూసుకున్నప్పుడు కూడా ఇంత ఏవగింపు కలగలేదు. అందులో కనీసం గీతలు వంకర అని ముందే తెలుసు. చేతులు తీగల మీద నుంచి తీసేశాను.

చిన్నాయన లేవలేదు. చెవి అట్లాగే ఉంది. నాకు భయమేసింది. పెట్టె కూడా పనికిరాలేదేమో, ఇంత చేసీ ఆలస్యమైందేమో అనుకున్నాను. వంగి ఆయన మొహం చూశాను. మూతీ ముక్కూ ఒకచోటికి వచ్చి ఉన్నాయి.

"చిన్నాయనా, ఇనపడిందా?" అని అరిచాను.

"ఇనపడబట్టే గదా మొగం ఇట్ల పెట్టినా" అన్నాడు. "థూ! ఎవురు నేర్పిచ్చినారే నీకు? మళ్లా మొదట్నుంచి ఎత్తుకో."