విన్నందుకు మొదటి బహుమతి

ఆ రోజుల్లో, అంటే తెలంగాణ వచ్చిన కొత్తల్లో, మా తొమ్మిదో తరగతి పిల్లలకు మాట్లాడటం, వినడం, ఆఖరికి నవ్వడం కూడా రాదని పెద్దలెవరికో తోచినట్టుంది. అవన్నీ నేర్పడానికి మా పాలమూరు పల్లె బడికి ప్రతి శనివారం ఒక సారు వచ్చేవాడు. సాఫ్ట్ స్కిల్స్ చెబుతాడు కాబట్టి మాకు 'సాఫ్టు సారు'. (మనిషి మాత్రం డస్టర్ విసిరే రకం.) ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూడాలి, మధ్యమధ్య తల ఊపాలి, చివర్న వాళ్ళు చెప్పింది మళ్ళీ మన నోటితో చెప్పాలి, వినడమంటే అదీ అన్నాడు. నేను ఇంట్లో బర్రె ముందు నిలబడి కూడా సాధన చేశాను. అవ్వ చూసి, "మెడ పట్టిందా బిడ్డా?" అని నూనె రాసింది.

చివరికి ఎవరు బాగా వింటారో చూద్దామని సారు పోటీ పెట్టాడు. ఆ రోజు నాకు జోడీగా నా బెంచీలో కూర్చునే బక్కది వచ్చింది. అది మాట్లాడాలి, నేను వినాలి. అందరూ సినిమాల గురించి చెబితే, అది సన్నని గొంతుతో మొదలుపెట్టింది. "దసరా అయినంక నన్ను బొంబాయి తోల్కపోతరంట. అమ్మ, నాయిన బిల్డింగు పనికి పోతె తమ్మున్ని నేను చూసుకోవాల్నంట. నాకు చదువుకోవాలని ఉందే. మీ బాపు మాటంటే మా నాయినకు గురి. జర మీ బాపుతోని చెప్పిస్తవా?"

నేను రెప్ప వేయలేదు. పదకొండుసార్లు తల ఊపాను, లెక్కపెట్టుకుంటూ మరీ. "అంటే నువ్వు చెప్పేదేందంటే, దసరా అయినంక బొంబాయి పోతున్నవ్, నీకేమో చదువుకోవాలని ఉంది, మా బాపుతోని మీ నాయినకు చెప్పియ్యాలె. అంతేనా?" అని పొల్లు పోకుండా అప్పజెప్పాను. దాని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "శభాష్! ఏం యాక్టింగ్!" అని సారు చప్పట్లు కొట్టాడు. నేనూ అదే అనుకున్నాను, సిగ్గులేనిదాన్ని. బహుమతిగా ఇచ్చిన స్టీలు గిన్నె పట్టుకుని ఇంటిదాకా పరుగెత్తాను. సారు మెచ్చుకున్న సంగతి, చప్పట్ల సంగతి బాపుకు పూసగుచ్చినట్టు చెప్పాను. అది అడిగిన సంగతి ఒక్కటే చెప్పలేదు.

సెలవులయ్యాక బడికి వెళితే నా పక్క జాగా ఖాళీ. అప్పుడు గుర్తొచ్చి బాపు దగ్గర ఏడ్చాను. "ఒక్క మాట చెప్తె నేనే పోయి అడుగుతుంటి గద బిడ్డా, పిల్లను మనింట్ల ఉంచుమని," అన్నాడు. రెండు దెబ్బలు వేసినా బాగుండేది.

ఇన్నేళ్ళకు మొన్న పాలమూరు బస్టాండులో అది కనబడింది, చంకలో పిల్లాడితో. (నేనిప్పుడు ఒక దవాఖానలో జనం ఫిర్యాదులు వినే ఉద్యోగం చేస్తున్నాను, నవ్వకండి.) చెయ్యి పట్టుకుని తప్పయిందే అంటే పకపకా నవ్వింది. "గప్పుడు మంచిగనే విన్నవ్ పోవే, ఒక్క ముక్క ఇడవకుంట అప్పజెప్పినవ్ గద!" నాకూ నవ్వొచ్చింది, ఏడుపుతో కలిసి. ఓపెన్ స్కూల్లో పది రాయమని సలహా ఇవ్వబోయి నాలుక కరుచుకున్నాను. "ఇప్పుడు నీకేం చెయ్యాలని ఉందే?" అని అడిగాను.

ఆ మాట దాన్ని ఎవరూ అడిగినట్టు లేదు. పిల్లాణ్ణి ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుని, "నాకా..." అంటుండగానే బొంబాయి బస్సు వచ్చింది. పిల్లాణ్ణి, సంచిని సర్దుకుని గబగబా ఎక్కేసింది. ఫోన్ నంబరైనా అడగాలని బస్సు మలుపు తిరిగాక గానీ నాకు తోచలేదు. నా తెలివికి నేనే నవ్వుకుంటూ, కళ్ళు తుడుచుకుంటూ అక్కడే చాలాసేపు నిలబడ్డాను.