ఖాట్మండులో బ్లాస్టింగ్

గోదావరిఖనిలో పుట్టినవాళ్లకు భూమి ఊగడం కొత్త కాదు. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో బ్లాస్టింగ్ పెట్టగానే ఇల్లంతా చలిజ్వరం వచ్చినట్టు వణుకుతుంది. ఆడవాళ్లు లేచి సామాన్ల స్టాండును అరచేత్తో ఆపుతారు. మగవాళ్లు పళ్లెం పట్టుకుంటారు. బయటికి మాత్రం ఎవరూ ఉరకరు. ఉరికితే వాడకట్టులో పదేళ్లు తలెత్తుకు తిరగలేం.

ఈ చదువంతా మేం ఖాట్మండుకు మోసుకుపోయాం. అక్కడొక హోటల్లో స్టోరు చూసుకునే పని నాది. మూడో అంతస్తులో అద్దె గది. ఎంత చిన్నదంటే, నేను ఆవులిస్తే మా ఆవిడ తల వంచుకోవాలి.

ఆ శనివారం అన్నానికి కూర్చున్నాం. పప్పుగిన్నె దానంతటదే నా దగ్గరికి జరిగింది. పెళ్లయ్యాక నాకు దక్కిన మొదటి మర్యాద ఇదే అనుకున్నాను. ఆవిడ లేచి స్టాండు పట్టుకుంది. నేను పళ్లెం పట్టుకున్నాను.

"ఇయ్యాల జర గట్టిగనే పెట్టిన్రు," అంది.

నేను తలూపాను. ఇక్కడ బొగ్గుబాయి ఎక్కడిదని ఇద్దరికీ తట్టలేదు. మా ఊళ్లో బ్లాస్టింగ్ ముద్ద కలిపేలోపు అయిపోతుంది. ఇది ఆగలేదు. ఎదురు మేడ మా కిటికీలోకి తొంగిచూసి వెనక్కి పోయింది. ఆవిడ నాకేసి తిరిగింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"గిది బ్లాస్టింగ్ కాదయ్యా."

తలుపు దగ్గరికి ఉరికాం. చౌకట్టు వంకరపోయి తలుపు బిగుసుకుంది. నా బలం గురించి నేను ఊరంతా చెప్పుకున్న కోతలు ఆ తలుపు విన్నట్టు లేదు. ఎంత లాగినా కదల్లేదు. మెట్ల మీద అడుగుల చప్పుడు తగ్గుతూ తగ్గుతూ పూర్తిగా పోయింది. అందరూ దిగిపోయారు. ఊపు ఆగింది గానీ పైకప్పు నుంచి మట్టి రాలుతూనే ఉంది. ఇంకొక్కటి వస్తే ఈ గది మిగలదు. ఆవిడ నా చొక్కా పట్టుకుని కిటికీ దగ్గరికి గుంజింది.

ఆవిడ కిటికీలోంచి కేకలు వేసింది. అప్పటికే కిందికి చేరిన ఇంటి ఓనరు, అంత పెద్దాయన, మళ్లీ పైకి వచ్చాడు. బయటి నుంచి ఆయన తన్నాడు, లోపలి నుంచి నేను లాగాను. తలుపు ఊడి నా మీదే పడింది. దాని కింద నుంచి నన్ను ఇద్దరూ బయటికి గుంజారు. ముగ్గురం దిగాం. వీధి చివర ఉన్న మైదానం చేరామో లేదో భూమి మళ్లీ ఊగింది. మేమున్న మేడ మా కళ్లముందే మోకాళ్ల మీద కూలబడింది.

గడ్డిలో కూర్చున్నాం. భయమేస్తే నాకు నోరు ఆగదు. ఏదో జోకు మొదలుపెట్టబోయాను. ఆవిడ నా నోటి మీద చెయ్యి పెట్టింది. రెండో చెయ్యి నేల మీద ఆనించి ఉంది.

"సప్పుడు చెయ్యకు," అంది. "మల్ల వస్తున్నదేమో ఇననియ్యి."