నేను ఎల్లారెడ్డికి వెళ్ళని గురువారం

దయ్యాలంటే నాకు భయమూ లేదు, నమ్మకమూ లేదు. చిన్నప్పుడు మా అవ్వ ఎవరికో గాలి సోకిందని దిష్టి తీస్తుంటే పక్కన కూచుని కిసుక్కున నవ్వి తిట్లు తిన్నదాన్ని. ఇప్పుడు చెప్పబోయే దాంట్లో దయ్యం ఉందని కూడా నేను అనడం లేదు. ఉంటేనే బాగుండేది. తప్పంతా దాని మీదకు నెట్టేసి హాయిగా ఉండేదాన్ని.

మాది కామారెడ్డి. ఫొటో చూసి పెన్సిల్‌తో మనుషుల బొమ్మలు గీయడం నా పని. గీస్తున్నంతసేపూ వీడియో తీసి, దాన్ని నిమిషానికి కుదించి నా పేజీలో పెడతాను. ఆర్డర్లన్నీ అట్లాగే వస్తాయి. వాటిలో చనిపోయినవాళ్ళ బొమ్మలే ఎక్కువ. దినాలకు దండ వేసి పెట్టుకోవడానికి గీయించుకుంటారు.

పోయిన ఎండాకాలం మానస అనే అమ్మాయి ఫోన్ చేసింది. తను బాన్సువాడలో కాపురముంటుంది, పుట్టిల్లు ఎల్లారెడ్డి. తండ్రి చాలా ఏళ్ళు దుబాయిలో పనిచేసి ఇంటికొచ్చాడు. వచ్చిన ఏడాదికే గుండె ఆగి పోయాడు. తల్లి రాజవ్వ బీడీలు చుడుతుంది. ఆయన ఫొటోల్లో తేటగా ఉన్నది పాస్‌పోర్టు కోసం దిగిన ఫొటో ఒక్కటే. దాన్నే నాకు పంపింది.

ఆయనది మెల్లకన్ను. ఎడమ కన్ను పక్కకు పోయి ఉంది.

మా పనిలో ఒక అలవాటుంది. మచ్చ ఉంటే తీసేస్తాం. మాసిన చొక్కా ఉంటే కోటు తొడుగుతాం. ఊడిన పన్ను పెడతాం. ఎవరూ వద్దనరు, మేమూ అడగం. ఆ అలవాటులోనే నేను ఆయన కన్ను సరిచేశాను. చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, భలే కుదిరిందని మురిసిపోయాను కూడా.

బొమ్మను నేనే ఎల్లారెడ్డికి పట్టుకుపోయాను. మర్యాద కోసం కాదు. బొమ్మ చూసి ఇంటివాళ్ళు ఏడిస్తే ఆ వీడియోను జనం ఎగబడి చూస్తారు, అందుకు. రాజవ్వను కుర్చీలో కూచోబెట్టి, ఎదురుగా స్టాండు మీద ఫోన్ పెట్టి, అప్పుడు బొమ్మ మీది గుడ్డ తీశాను.

ఆమె చాలాసేపు చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తర్వాత మెల్లగా అంది.

"గీయన ఎవరు బిడ్డా? మా ఆయన గిట్ల సక్కగ సూడడు. నా దిక్కు సూస్తే గోడ దిక్కు సూసినట్టు ఉంటుండె."

మానస గబగబా తల్లి భుజం నొక్కి, అక్క ఎంతో కష్టపడి గీసిందమ్మా అని సర్దిచెప్పింది. రాజవ్వ కొంగుతో మొహం తుడుచుకుంది. నాకు విషయం అర్థమైంది. అర్థం కానట్టు ఫోన్ తీసి సంచిలో వేసుకున్నాను.

ఇంటికొచ్చి ఆ మాటలు కత్తిరించాను. వాటి చోట వేణువు పాట పెట్టాను. చనిపోయిన భర్తను మళ్ళీ కళ్ళారా చూసుకున్న సంతోషంలో ఏడుస్తున్న తల్లి అని మీద రాశాను. ఇది ఎవరో నాతో చేయించింది కాదు. నా చేతులతో నేనే చేశాను.

రెండు రోజుల్లో నా ఏ వీడియోనూ చూడనంత మంది దాన్ని చూశారు. నేను అన్నం తింటూ కూడా ఫోన్ వదల్లేదు.

నాలుగో రోజు మానస ఫోన్ చేసింది. బీడీ కార్ఖానాలో తోటి ఆడవాళ్ళు ఆ వీడియో రాజవ్వకే చూపించారట. మొగడు పోయి నెల తిరగలేదు, అప్పుడే వీడియోలు దిగుతుందని ఒకామె అందట. ఆ రోజు నుంచి రాజవ్వ కార్ఖానాకు పోవడం మానేసి, చుట్టిన బీడీలు పక్కింటామెతో పంపిస్తోందట. ఆ బొమ్మను కూడా దండ తీసి గోడవైపు తిప్పి పెట్టిందట. అంత చెప్పి, దాన్ని తీసెయ్యమని బతిమాలింది. ఇవాళే తీసేస్తానన్నాను. తీయలేదు. ఇంకో రెండు రోజులు ఆగుదామనుకున్నాను, చూసేవాళ్ళు ఇంకా పెరుగుతున్నారు కదా అని. తను మళ్ళీ చేసింది, మళ్ళీ అదే చెప్పాను. మూడోసారి ఫోన్ ఎత్తలేదు.

ఆ తర్వాత నా మొహం నాకే చూడబుద్ధి కాలేదు. అప్పుడైనా ఆ వీడియో తీసేయాలి కదా? నేను చేసింది వేరు. కొన్నాళ్ళు సోషల్ మీడియాకు దూరంగా ఉంటున్నాను, నాలోని కళాకారిణిని మళ్ళీ వెతుక్కోవాలి అని నల్లటి బొమ్మ మీద తెల్లటి అక్షరాలతో ఒక పోస్టు పెట్టాను. ఫోన్లోంచి యాప్ తీసేశాను. నా ఫోన్లోంచి పోయింది గానీ వీడియో ఉన్నచోటే ఉంది. అది నాకు తెలుసు. తోటి ఆర్టిస్టులు ఫోన్లు చేసి ఎంత ధైర్యం నీకని మెచ్చుకున్నారు. సిగ్గు లేకుండా మెచ్చుకోళ్ళన్నీ తీసుకున్నాను.

మూడు వారాలు గడిచాయి. తాడ్వాయి దగ్గర ఒక బడి వాళ్ళు, సెలవులు అయిపోయేలోపు ప్రహరీ గోడ మీద బొమ్మలు వేయమని పిలిచారు. ఆ గురువారం పొద్దున తొమ్మిదింటి నుంచి సాయంత్రం ఆరు దాకా నేను ఆ గోడ దగ్గరే ఉన్నాను. అక్కడి టీచరమ్మ మధ్యాహ్నం జొన్నరొట్టె, పప్పు తెచ్చిపెట్టింది. నేను భారతదేశం పటం వేస్తుంటే తన ఫోన్లో ఫొటోలు తీసింది. ఆ ఫొటోలు తర్వాత అడిగి తెప్పించుకున్నాను. పన్నెండింటికి తీసింది ఒకటి, రెండున్నరకు ఒకటి, నాలుగింటికి ఒకటి. అన్నిట్లో నేనున్నాను.

ఆ గోడ రోడ్డు మీదే ఉంది. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోయే బస్సులన్నీ నా వెనకనుంచే పోయాయి. బస్సు చప్పుడైనప్పుడల్లా దీన్ని ఎక్కి పోయి ఆమె కాళ్ళ మీద పడితే పోలా అనిపించేది. ప్రతిసారీ ఈ రంగు ఆరనీ అనుకున్నాను. రంగు ఆరింది, బస్సులు పోయాయి, నేను పోలేదు.

ఆదివారం మానస ఫోన్ చేసింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు, ఏడుస్తూ థాంక్స్ చెప్పింది. గురువారం మీరు అంత దూరం వచ్చి అమ్మతో మాట్లాడిపోయారట, అమ్మ మళ్ళీ బయటికి పోతోంది అంది. రేపు వస్తానని చెప్పి ఫోన్ పెట్టేశాను.

సోమవారం పొద్దున్నే ఎల్లారెడ్డి బస్సెక్కాను. రాజవ్వ నన్ను చూసి చాప వేసింది. బొమ్మ గోడకు సరిగ్గా వేలాడుతోంది, దానికి కొత్త దండ ఉంది. ఎడమ కన్ను పక్కకు చూస్తోంది.

దగ్గరికెళ్ళి చూశాను. పాత కన్నును చెరిపి కొత్తగా గీసిన గీతలవి. నాది ఎడమచేతి వాటం, నా గీతలన్నీ ఒకవైపే వాలి ఉంటాయి. ఇవీ అటే వాలి ఉన్నాయి. కింది మూలలో నా పేజీ పేరు రాసుకుంటాను. చనిపోయిన మనిషి బొమ్మ మీద కూడా రాశాను, చూడండి నా బుద్ధి. ఆ పేరును కాగితం చిరగకుండా చెరిపేశారు.

రాజవ్వ తనంతట తానే చెప్పుకుపోయింది. మధ్యాహ్నం రెండు దాటాక వచ్చానట. మంచినీళ్ళిస్తే ముట్టుకోలేదట. తప్పు చేసిన పెద్దమ్మా అని కాళ్ళు పట్టుకున్నానట. ఆయన ఎట్లా చూసేవాడో చెప్పించుకుని, ఫ్రేము విప్పి కన్ను దిద్దానట. ఫోన్ నంబరు అడిగితే ఫోన్ తేలేదన్నానట. పక్కింటామె కూడా వచ్చి, నేను పోయేటప్పుడు వాకిట్లో తనను పలకరించానని చెప్పింది.

వేరే ఎవరినైనా పిలిపించారేమోనని తర్వాత మానసను అడిగాను. ఆ ఆదివారం వరకూ తను నాతో మళ్ళీ మాట్లాడాలనే అనుకోలేదట, ఇంకెవరినీ పిలవలేదట. మతిపోయి నేనే వెళ్ళొచ్చానేమో అనుకుందామంటే టీచరమ్మ ఫొటోలున్నాయి. గోడ మీద పూర్తయిన పటం ఉంది. ఎటు నుంచి ఆలోచించినా ఎక్కడా తేలడం లేదు.

నేను లేవబోతుంటే రాజవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"మొన్న మాఫ్ చేసినవా పెద్దమ్మా అంటే నేనేం చెప్పలే. గప్పుడు నాకు నోరు రాలే. ఇప్పుడు చెప్తున్న. చేసిన బిడ్డా."

వచ్చింది నేను కాదు పెద్దమ్మా అని చెప్పాలి. చెప్పడానికే నోరు తెరిచాను. ఆమె నా మొహంలోకే చూస్తోంది, ఎంత దయగా చూస్తోందో.

"సరే పెద్దమ్మా" అన్నాను.

బస్టాండులో కూచుని యాప్ మళ్ళీ వేసుకున్నాను. వీడియో అలాగే ఉంది. వచ్చినామె దాన్ని మాత్రం ముట్టుకోలేదు. తీసేశాను. దానికి అర నిమిషం కూడా పట్టలేదు.

ఆ తర్వాత రెండుసార్లు ఎల్లారెడ్డి పోయాను, నిజం చెప్పేద్దామనే. రెండుసార్లూ టీ తాగి వచ్చేశాను. ఆ గురువారం ఆ ఇంటికి వచ్చిందెవరో నాకు ఇప్పటికీ తెలియదు. రాజవ్వను నేను మాత్రం ఇంకా క్షమాపణ అడగలేదు.