పులిసిన కషాయం

పుంగనూరు చివరి వీధిలో ఉండే గోవిందమ్మ చలిజ్వరానికి నేలవేము కషాయం కాచి ఇచ్చేది. అత్త దగ్గర నేర్చుకున్న పని. ఏ రోజుది ఆ రోజే కాచేది, మిగిలితే పారబోసేది. పందొమ్మిది వందల నలభైమూడులో ఆ పద్ధతి తప్పింది. యుద్ధం మూలంగా చలిజ్వరం మందు క్వినైను దొరకడం లేదు. వానలతో పాటే జ్వరం ఊరంతా పాకింది. తెల్లారేసరికి వాకిట్లో చెంబులు పట్టుకుని జనం. కట్టెలా, తడిసి మండవు. ఓ రోజు ఎండ కాస్తే ఒకేసారి మూడు కుండలు కాచి పెట్టుకుంది.

నాలుగో రోజు మూత తీస్తే పులిసిన వాసన గుప్పుమంది. పైన తెల్లటి పొర కట్టింది. బయట ఎవరో మూలుగుతున్నారు. గోవిందమ్మ వాకిట్లోని ఖాళీ చెంబుల వంక చూసింది. తరువాత పొర తీసేసి, మిరియాల పొడి ఇంకాస్త కలిపి, అందరికీ పోసింది.

మర్నాటికి ఆరిళ్లలో వాంతులు, బేదులు. పక్కింటి మంగమ్మ, ఇరవై ఏళ్లుగా తనతో నీళ్లకు వచ్చే మనిషి, మదనపల్లె ఆసుపత్రికి బండి కట్టేలోపే ప్రాణం వదిలింది.

సంగతి తెలిసి మదనపల్లె నుంచి దయామణి అనే నర్సు వచ్చింది. కుండ వాసన చూసి ముఖం తిప్పుకుంది.

"ఆకులో దోషం లేదమ్మా. నిలవబెట్టినావు గదా, కంటికి కనపడని పురుగులు పుట్టుంటాయి. వాసన తెలీలేదా నీకు?"

"తెలీలేదు తల్లీ," అంది గోవిందమ్మ.

ఆ రోజు నుంచి ఆమెకు ముద్ద దిగలేదు.

పదిహేను రోజులకు మంగమ్మ మొగుడు కదిరప్ప వచ్చాడు, దుప్పటి కప్పుకుని వణుకుతూ.

"యాడా మందు దొరకలేదు గోవిందక్కా. రొంత కాచియ్యి."

అతని కళ్లెదుటే కాచింది. ముందు తాను తాగి, తరువాత చెంబు అందించింది.

"మంగమ్మ రాత అట్లుండాది," అన్నాడతను. "నీకేం తెలుసు పాపం."

గోవిందమ్మ ఇక ఆపుకోలేకపోయింది. "నాకు తెలుసప్పా. వాసన తెలిసే ఇచ్చినా. జనాన్ని ఉత్త చెంబుల్తో పంపలేక ఇచ్చినా."

కదిరప్ప చెంబు కింద పెట్టాడు. తిట్టలేదు. "యాల చెప్పినావక్కా?" అన్నాడు. "తెలీకుంటే తాగేవాణ్ణి గదా." గోడ పట్టుకుని జల్లులోకి నడిచాడు.

జ్వరం అతన్ని కార్తీకం దాకా వదల్లేదు. బతికాడు గానీ మళ్లీ మడక పట్టి దున్నలేకపోయాడు. గోవిందమ్మ ఆపైన ఎవరికీ కాచివ్వలేదు. అడిగినవాళ్లకు ఎండిన ఆకు ఇచ్చి, "మీ ఇంట్లోనే కాచుకోండి, అప్పటికప్పుడే తాగండి," అని చెప్పేది. పక్కింటి నుంచి మాత్రం ఎవరూ రాలేదు.