అమ్మవారికి వదిలిన కొమ్మ

తమిళనాట కయత్తారు పక్కన నల్లరేగడిలో ఒక జమ్మిచెట్టు ఉంది. నేల సీనియమ్మాళ్‌కూ ఆమె మరిది రంగనాథన్‌కూ ఉమ్మడి. చెట్టు మండలు మాత్రం ఆమె మేకలకు. మొగుడు పోయిన ఏడు పెద్దలు అలా తేల్చారు.

ఆమెకిప్పుడు అరవై రెండేళ్లు. సాత్తూరు వైపు నుంచి కోడలుగా వచ్చింది. కొడుకు కడుపులో ఉన్నప్పుడు అత్త ఆ చెట్టు పూలు బెల్లంతో నూరి తినిపించింది. ఒకసారి తేలు కుడితే దాని బెరడు అరగదీసి పట్టు వేశారు. లేత కాయలు కూర వండేవారు. ముళ్లకొమ్మలు దొడ్డికి కంచె అయ్యేవి. దాని నీడలో జొన్న మిగతా చేనికంటే జానెడు ఎత్తు పెరిగేది. వాన లేని ఏడు కూడా ఎండలు ముదిరేసరికి చెట్టు చిగురించేది. ఎవరూ దాన్ని పొగడలేదు. వాడుకున్నారు.

వాడుకోవడానికి ఒక కట్టడి ఉంది. ఏడాదికి ఒకసారి, కార్తీకంలో, దోటితో మండలు కొట్టాలి. తూర్పు కొమ్మను ముట్టకూడదు. అది కులదేవతది.

రెండేళ్లుగా వానలు సరిగా లేవు. మాఘంలో రెండు మేకలు ఈనాయి. పాలు లేవు. పిల్లలు పొదుగును కుమ్మి కుమ్మి ఊరకే నిలబడిపోయేవి. ఒక తెల్లవారుజామున సీనియమ్మాళ్ దోటి పట్టుకుని వెళ్లింది. చెట్టు మీద ఆకు మిగిలింది తూర్పు కొమ్మకే. కొట్టింది. నరికిన చోట మట్టి పూసింది.

చైత్రం వచ్చింది. చెట్టు చిగురించలేదు.

గాలిమరల కంపెనీ ఆ చేను మీదుగా దారి అడుగుతోంది. పచ్చగా ఉన్న జమ్మిని మొదలంటా నరకడం ఆ ఇంట లేదు. ఎండినదైతే అడ్డు లేదు. రంగనాథన్ వచ్చి చెట్టు చుట్టూ తిరిగాడు.

"వొదినా, ఇది సచ్చిపోయింది. అమ్మోరు దీన్ని ఇడిసిపెట్టి పోయిండాది. శుక్రారం దీన్ని కొట్టుకుపోయేదానికి బొగ్గోడు వస్తాడు."

"ఇంగా సావలే."

"ఒక ఆకుండాదా? నీ మేకల్ని అడుగు, అవే సెప్తాయి."

అగ్గిపెట్టెల కంపెనీకి బయలుదేరిన కోడలు సుగన్య దారిలో ఆగింది. "సిన్నమామా, మీ తలమింద ఒక ఎంటిక లేదు. మీరు బతికే ఉండారే?"

అతను నవ్వలేదు. సీనియమ్మాళ్ గోరుతో బెరడు గీరింది. లోపల సన్నటి పచ్చ.

"అది పసుపు," అన్నాడు రంగనాథన్.

ఆ గుడి కట్టడి ఇది: అమ్మవారు తనంతట తాను వదిలిన చెట్టును నరకొచ్చు. మనిషి చెయ్యి తప్పు చేసి ఉంటే, ఆ మనిషి నలభై ఎనిమిది రోజులు చెట్టు మొదట నీళ్లు పోయాలి. అన్నాళ్లూ దాని మీద కత్తి పడకూడదు. తప్పు చేసినవాళ్లు ఆ ఏడు గుడి పొంగలికి మొదటి కుండ పెట్టకూడదు. పెద్దకోడలిగా ముప్పై ఏళ్లుగా ఆ కుండ సీనియమ్మాళ్‌ది.

గురువారం సాయంత్రం పొంగలి మాటలకు అందరూ గుడి ముందు కూర్చున్నారు. ఆమె లేచి నిలబడింది.

"తూర్పు కొమ్మ నేనే కొట్టితి."

రంగనాథన్ భార్య కృష్ణమ్మాళ్ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. "అయ్యో అక్కా, నువ్వా?"

"అమ్మ కొమ్మని మేకకేసితివా?" అన్నాడు రంగనాథన్.

"పిల్లలు సస్తా ఉండె."

"దారి ఆపేదానికి సెప్తాండావు నువ్వు."

"అవును, దానికే సెప్తాండా. కొట్టిందీ నిజమే."

పూజారి నలభై ఎనిమిది రోజులన్నాడు. శుక్రవారం బొగ్గు మనిషి రాలేదు.

పొంగలి నాడు మొదటి కుండ కృష్ణమ్మాళ్ పెట్టింది. బియ్యం వేసింది. కుండ పొంగింది. ఆడవాళ్లు నాలుక ఆడిస్తూ గొంతెత్తి కులవ వేశారు. సీనియమ్మాళ్ ప్రహరీ బయట నిలబడి విన్నది. నాలుక పైకి లేచింది. ఆపుకుంది.

సుగన్య బయటికి వచ్చింది. "అత్తా, ఎండలో ఎందుకు? ఇంటికి పో."

"నీళ్లు పొయ్యాల."

ఆమె బిందె ఎత్తుకుని చేనికి నడిచింది. ఇరవై రెండో రోజు. పగుళ్లిచ్చిన రేగడి నీళ్లను చప్పుడు లేకుండా మింగింది. చెట్టు మీద ఆకు లేదు. ఇంకొక బిందెకు వెనక్కి తిరిగింది.